పునుగుల ప్రయోగం

మా కాలేజీలో ఆనందం విలువ 8.4. ఇది నా సొంత అభిప్రాయం కాదు. కొలిచి, సగటు తీసి, ప్రిన్సిపాల్ గారి ముద్ర వేసి, ఫిజిక్స్ ల్యాబు గోడకు అంటించిన అంకె. పదికి 8.4. అంతకు ముందు కూడా మేం ఆనందంగానే ఉండేవాళ్ళం గానీ, ఎంత ఆనందంగా ఉన్నామో ఎవరికీ తెలిసేది కాదు. అజ్ఞానంలో బతికేశాం.

కాలేజీ పేరు బృహన్మేధ ఇంజినీరింగ్ కళాశాల. రావులపాలెం దాటాక హైవే పక్కన అరటితోటల మధ్య ఉంటుంది. నా పేరు కొప్పిశెట్టి దివిజ, ఇదంతా మొదలైనప్పుడు సివిల్ మూడో సంవత్సరం. మొదటి సంవత్సరంలో హాస్టలు వార్డెను జాబితా చూసి నన్నూ నేతల ప్రిస్కిల్లానీ ఒకే గదిలో పడేసింది. అప్పటినుంచి గది ఒకటి, బెంచీ ఒకటి, తలనొప్పి వస్తే మింగే మాత్ర కూడా ఒకటే, సగం సగం.

నాలుగింటికి ఆఖరి పీరియడు వదలగానే మేమిద్దరం గేటు దాటి నూకరత్నం పిన్ని బండి దగ్గరికి వెళ్ళేవాళ్ళం. పిన్ని అంటే చుట్టం కాదు. పునుగులు వేసే మనిషిని పేరు పెట్టి పిలిస్తే చట్నీ పలచనవుతుందని మా సీనియర్లు చెప్పారు. ప్లేటుకి ఎనిమిది పునుగులు, పైన అల్లం చట్నీ. వాయి దించీ దించకుండానే నోట్లో వేసుకుని, కాలి, ఊదుకుంటూ, లెక్చరర్లందరినీ ఒక్కొక్కరినీ తిట్టుకునేవాళ్ళం. అదే మా సాయంత్రం. దానికి సిలబస్ ఉంటుందని మేం కలలో కూడా అనుకోలేదు.

ఇలా ఉండగా పై నుంచి ఒక తనిఖీ బృందం వచ్చింది. రెండు రోజులు అన్నీ చూసి, అరటిపళ్ళు తిని, పోతూ పోతూ ఒక వాక్యం రాసిపోయింది: "విద్యార్థులలో జ్ఞాపకశక్తి పుష్కలముగా ఉన్నది. సృజనాత్మకత కానరాలేదు." ప్రిన్సిపాల్ గారు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదట. మర్నాడు పొద్దున్నే నోటీసు బోర్డులో సర్క్యులర్.

"ఇందుమూలముగా సమస్త విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయడమేమనగా, ఈ సెమిస్టరు నుండి సృజనాత్మక అనుభవ ప్రయోగశాల అను రెండు క్రెడిట్ల కోర్సు తప్పనిసరి చేయడమైనది. ప్రతి విద్యార్థి విధిగా ఆనందించవలెను. ఆనందించని వారి రికార్డుపై సంతకము చేయబడదు. రికార్డుపై సంతకము లేనివారికి హాల్ టికెట్ ఇవ్వబడదు."

కోర్సయితే పుట్టింది గానీ చెప్పేదెవరు? ఇంగ్లీషు మేడమ్‌కి అప్పటికే వారానికి ఇరవై ఎనిమిది పీరియడ్లు. ఫిజిక్స్ వాళ్ళకి మాత్రం పని తక్కువ. అందుచేత ఫిజిక్స్ ప్రొఫెసరు డాక్టర్ చిట్టూరి ఫణీంద్రనాథ్ గారిని "డీన్, అనుభవాలు" అని నియమించారు. ఆయన ముప్పై ఏళ్ళుగా లోలకం ఊపించినవారు. మాకు సృజనాత్మకతను కూడా అదే పద్ధతిలో నేర్పడానికి పూనుకున్నారు.

మొదటి క్లాసులో ఆయన బోర్డు మీద పెద్దక్షరాలతో రాశారు: లక్ష్యం, పరికరాలు, సిద్ధాంతం, విధానం, పరిశీలనలు, జాగ్రత్తలు, ఫలితం.

"చూడండి, సృజనాత్మకత గాల్లోంచి రాదు. దానికి ప్రొసీజర్ ఉంది," అన్నారు. "అనుభవం అంటే ఏమిటి? మళ్ళీ మళ్ళీ చేసినా ఒకే ఫలితం వచ్చేది అనుభవం. ఒక్కసారి జరిగితే దాన్ని యాక్సిడెంట్ అంటారు. రాసుకోండి."

రాసుకున్నాం. మొదటి ప్రయోగం: స్నేహితులతో కలసి బయట తినుట వలన కలుగు ఆనందమును కనుగొనుట. పరికరాలు: పునుగులు ఎనిమిది, చట్నీ తగినంత, స్నేహితులు ఒకరు, స్టాప్‌వాచ్ ఒకటి. జాగ్రత్తలు: పునుగు నోటియందుండగా రీడింగు తీయరాదు. ప్రయోగమునకు ముందు ఆకలిని సరిచూసుకొనవలెను.

ప్రతి ప్రయోగానికీ ఒక ప్రామాణిక విలువ ఉండాలి కదా. అందుకని ఒక ఆదివారం ప్రిన్సిపాల్ గారు, డీన్ గారు, ఇద్దరు విభాగాధిపతులు నూకరత్నం పిన్ని బండి దగ్గరికి కారులో వెళ్ళి అధికారికంగా పునుగులు తిన్నారు. ప్రిన్సిపాల్ గారికి తొమ్మిది వచ్చింది. డీన్ గారికి ఎనిమిది వచ్చింది. విభాగాధిపతులు ఇద్దరూ ఆ ఇద్దరి మొహాలూ చూసి, ఒకాయన 8.2, ఇంకొకాయన 8.4 వేశారు. సగటు 8.4. గోడకెక్కింది.

ఇక మా పిల్లల సంగతి చెప్పాలా? ఫలితం ముందే తెలిస్తే రీడింగులు ఎంతలో పని. ఎవరో ఒక సీనియరు 8.3, 8.5, 8.4 అని మూడు రీడింగులు వేసి సగటు తీశాడు. సాయంత్రానికి ఆ కాగితం బాయ్స్ హాస్టల్లో మూడంతస్తులూ తిరిగింది. పునుగు వాసన కూడా చూడని వాళ్ళు సైతం 8.4 ఆనందించేశారు.

నాకు మాత్రం రెండు వచ్చింది.

ఎందుకు వచ్చిందో చెప్పాలంటే నేను చేసిన పాపం కూడా చెప్పాలి. ప్రయోగానికి ముందు రికార్డులో సిద్ధాంతం కింద స్నేహితురాలి గురించి ఒక పేజీ సృజనాత్మకంగా రాయమన్నారు. అందరూ "స్నేహం ఒక వరం" అని మొదలెట్టారు. నేను నిజం రాశాను. ప్రిస్కిల్లా రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి, హాస్టలు బాత్రూములో కుళాయి తిప్పేసి, ఆ చప్పుడు చాటున అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో ఇంటర్వ్యూ ఇస్తుంది. ప్రశ్నలూ తనే, జవాబులూ తనే. మధ్యలో ఆగిపోతే మళ్ళీ గుడ్ మార్నింగ్ దగ్గర్నుంచి. దాని ఊళ్ళో తెలుగు మీడియం. ఇంటర్వ్యూ అంటే దానికి ప్రాణం పోతుంది. ఈ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు.

డీన్ గారు అది చదివి, "భేష్, పరిశీలన అంటే ఇది," అని నోటీసు బోర్డులో పెట్టించారు. మధ్యాహ్నానికల్లా బ్రాంచి మొత్తం ప్రిస్కిల్లా కనబడగానే కుళాయి చప్పుడు చేస్తూ, "గుడ్ మార్నింగ్ సర్, ఐ యామ్ ప్రిస్కిల్లా సర్," అనడం మొదలెట్టింది. నాకు మాత్రం బోర్డులో నా పేరు చూసుకుని ఒళ్ళు తెలియలేదు.

సాయంత్రం గదిలో అది ఒక్క మాటే అడిగింది. "నన్నొక మాట అడగొచ్చు కదే?"

"అంత బాగా రాశానని బోర్డు మీద పెట్టారు, రాస్తే ఏమైందే?" అన్నాను.

అది లేచింది. తన బకెట్టు తీసుకెళ్ళి గదిలో అటు మూల పెట్టుకుంది. రెండున్నరేళ్ళలో మా బకెట్లు విడిగా ఉండటం అదే మొదలు.

ఆ మర్నాడే మా బ్యాచి ప్రయోగం. రోల్ నంబర్ల ప్రకారం నా జత ప్రిస్కిల్లాయే. ల్యాబు అసిస్టెంటు సూర్యచంద్రం గారు బండి పక్కన స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డారు. ప్రిస్కిల్లా హైవే వైపు తిరిగి, తన నాలుగు పునుగులూ లెక్కపెట్టి తిని, చేతులు కడుక్కుని, రికార్డులో 8.4 వేసి వెళ్ళిపోయింది. నా పక్కన కూర్చుని, నాతో పనే లేనట్టు 8.4 వేయగలిగిందంటే నా మీద దానికి ఎంత కోపముందో అప్పుడు అర్థమైంది. నా నాలుగు పునుగులూ గొంతు దిగలేదు. రికార్డు తీసి 2 అని వేశాను.

పొగరుతో వేసింది కాదు. దాని రహస్యం రాసి మెప్పు కొట్టేశాను. ఇప్పుడు అది నాతో మాట్లాడటం మానేసిన రోజును పట్టుకుని ఎనిమిది పాయింట్ నాలుగు ఆనందం అని కూడా రాయమంటే నాకు చెయ్యి రాలేదు.

సూర్యచంద్రం గారు నా రికార్డు చూసి అదిరిపడ్డారు. "అమ్మా, ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. g విలువ తొమ్మిది పాయింట్ ఎనిమిది రాని పిల్లని నేనింతవరకూ చూళ్ళేదు. లోలకం దారం తెగిపోయిన సంవత్సరం కూడా వచ్చిందమ్మా. ఆ రెండు కొట్టేసి ఎనిమిది పాయింట్ నాలుగు వేసెయ్, నీకు పుణ్యముంటుంది."

"నాకు రెండే వచ్చిందండి."

"వచ్చింది వేస్తారేంటమ్మా ఎవరైనా? రావాల్సింది వెయ్యాలి గానీ!"

డీన్ గారు నన్ను పిలిపించి కాలిక్యులేటరు తీశారు. "నీ ఎర్రర్ డెబ్బై ఆరు పాయింట్ ఒకటి తొమ్మిది శాతం. ఐదు దాటకూడదు. ఇంత దోషం విద్యార్థిలో ఉండదు. పరికరంలో ఉండాలి. కనిపెడదాం."

మొదటి అనుమానం నూకరత్నం పిన్ని మీద పడింది. సూర్యచంద్రం గారు త్రాసు పట్టుకెళ్ళి ఒక్కో పునుగు తూచారు. పన్నెండు గ్రాములకి తక్కువైనా ఎక్కువైనా అనుమతించరు. చట్నీలో అల్లం ఎంతో, ఉప్పు ఎంతో కాగితం మీద రాసిచ్చారు. బండికి "ప్రమాణీకరించబడినది, తాకరాదు" అని స్టిక్కరు అంటించారు. పిన్ని గరిటె పట్టుకుని ఆ స్టిక్కరు వంక కాసేపు చూసింది.

"అయ్యా, పిండి పులిసినదాన్ని బట్టి ఉంటాదండి. వానొస్తే ఓ లాగ, ఎండైతే ఓ లాగ. ఉప్పు చాలకపోతే చెప్పండి, ఏస్తాను. ఆనందం చాలకపోతే నేనేం ఏసేదండి?"

"అమ్మా, మీరు పరికరం. పరికరం మాట్లాడకూడదు," అన్నారు డీన్ గారు ఎంతో మర్యాదగా.

రెండోసారి చేశాను. మళ్ళీ రెండే. ఈసారి దోషం హైవే గాలిలో ఉందని తేల్చారు. మొత్తం ప్రయోగాన్ని రెండో అంతస్తులో ఫిజిక్స్ ల్యాబుకి మార్చారు. పునుగులు స్టీలు క్యారియరులో మెట్లెక్కి వచ్చేసరికి చల్లారి బఠాణీల్లా అయ్యేవి. అయినా తతిమ్మా అందరికీ 8.4. నాకు ఒకటిన్నర.

తర్వాత మాటల వల్ల రీడింగు చెదురుతోందని మాటలు నిషేధించారు. స్నేహితులిద్దరూ బారెడు దూరంలో, గోడ వైపు తిరిగి కూర్చుని, మౌనంగా నమలాలి. అందరికీ 8.4. నాకు ఒకటి. చివరికి పునుగులు తెప్పించడం కూడా దండగని, మా బ్రాంచి కుర్రాడొకడి చేత చార్టు మీద పునుగుల బొమ్మ వేయించి గోడకు తగిలించారు. బొమ్మ చూసి రీడింగు తీయాలి. ఆ వారం బొమ్మ చూసి కూడా అందరూ 8.4 ఆనందించారు. డీన్ గారు పరమానందపడ్డారు. ప్రయోగం పరిపూర్ణమైంది, ఇక పరికరం కూడా అక్కర్లేదన్నారు.

నాకు హాల్ టికెట్ రాదని అందరికీ అర్థమైపోయింది. అమ్మ ఫోన్లో, "ఆ ఎనిమిదేదో వేసేస్తే నీ సొమ్మేం పోయిందే," అంది. ప్రిస్కిల్లా అంతా చూస్తూనే ఉంది. బకెట్టు అటు మూలనే ఉంది. హాల్ టికెట్ సంగతి దేవుడెరుగు, పొద్దున్నే ఐదింటికి కుళాయి చప్పుడు వినబడకపోవడమే నాకు నిద్ర పట్టనివ్వలేదు. అది ఇంటర్వ్యూ ఇవ్వడం మానేసింది.

అప్పుడొచ్చారు ఎక్స్‌టర్నల్. యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు. రెండు వందల నలభై రికార్డులు బల్ల మీద గుట్టగా పోస్తే, మొదటిది తీశారు, 8.4. రెండోది, 8.4. యాభయ్యోది కూడా 8.4 కావడంతో కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఫణీంద్రనాథ్ గారూ, ఇది ప్రయోగశాలా, ప్రింటింగ్ ప్రెస్సా?"

డీన్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అట్టడుగున ఉన్న నా రికార్డు ఎక్స్‌టర్నల్ గారి చేతికి తగిలింది. 2, 2, 1.5, 1. ఆయన ముందుకు వంగి రెండుసార్లు చదివారు. "ఆహా! ఇదీ పరిశీలన. ఇంతమందిలో ఒక్క అమ్మాయి కళ్ళు తెరిచి చూసింది. అసలు విలువ ఇదే అయి ఉంటుంది. మిగతాదంతా చెత్త."

"అవున్సార్," అన్నారు డీన్ గారు ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. "ఆ అమ్మాయికి మేమే ప్రత్యేక శిక్షణ ఇచ్చాం."

ఇన్నాళ్ళకి పీడ విరగడైందనుకున్నాను. ఇక ఎవరికి వచ్చింది వాళ్ళు రాసుకుంటారనుకున్నాను. ఎక్స్‌టర్నల్ గారి కారు గేటు దాటిన రెండో రోజు సర్క్యులర్ వచ్చింది.

"ప్రామాణిక ఆనందము 8.4 నుండి 2.0 కు సవరించడమైనది. విద్యార్థులందరు ప్రయోగమును తిరిగి చేయవలెను. విచారణలో తేలినదేమనగా, సదరు విద్యార్థిని ఈ ఫలితము సాధించుటకు కారణము ఆమె తన స్నేహితురాలితో తగవుపడి యుండుట. కావున పరికరముల జాబితాలో స్నేహితులు ఒకరు అను చోట తగవుపడిన స్నేహితులు ఒకరు అని చదువుకొనవలెను."

కింద అనుమతించబడిన తగవు విషయాల జాబితా కూడా ఇచ్చారు. బకెట్టు. చార్జరు. హాజరు పలకమంటే పలకకపోవుట. ఇతర విషయములకు విభాగాధిపతి అనుమతి అవసరం. తగవు నిడివి ఏడు నిమిషములు. తల్లిదండ్రుల ప్రస్తావన తేరాదు. చేయి చేసుకొనిన యెడల మార్కులు కోయబడును. స్నేహితులు లేనివారికి కళాశాలయే ఒకరిని సమకూర్చును.

ఆ వారం మా గేటు బయట చూడాలి. ప్రయోగాన్ని మళ్ళీ బండి దగ్గరికే మార్చారు కాబట్టి నూట ఇరవై జంటలు హైవే పొడుగునా నిలబడి తగవులాడుకున్నాయి.

"నా చార్జరు ఎందుకు తీశావురా?"

"నేనెప్పుడు తీశాన్రా?"

"తియ్యలేదు రా, సిలబస్‌లో ఉంది. నువ్వు కొంచెం కోపంగా చెప్పు, సార్ చూస్తున్నారు."

బస్సులు ఆగి చూసేవి. పరీక్షలప్పుడు కూడా నవ్వుకునే పిల్లలు మొహాలు ముడుచుకోవడం ప్రాక్టీసు చేశారు. నాలుగైదు జంటలు ఉత్తుత్తి తగవుతో మొదలెట్టి నిజం తగవులో పడ్డాయి. వాళ్ళకి పూర్తి మార్కులు వచ్చాయి. నూకరత్నం పిన్ని మూకుడు దించేసి కూర్చుంది.

"ఒక్కళ్ళూ ముట్టుకోట్లేదండి. ఇదేం చదువండీ బాబూ! ఈ తగువులు తీరేదాకా నేను వాయి వెయ్యనండి. ఆయ్."

"పరికరం సమ్మె చేయరాదు," అని డీన్ గారు మెమో ఇచ్చారు. పిన్ని దాన్ని పొట్లం కట్టడానికి పక్కన పెట్టుకుంది.

ఇంతలో తనిఖీ బృందం మళ్ళీ వస్తోందని కబురొచ్చింది. వాళ్ళ ముందు నమూనా ప్రదర్శన ఇవ్వాలి. మూల ప్రయోగం చేసినది మేము కనుక, నేనూ ప్రిస్కిల్లా మా అసలు తగవును బృందం ఎదుట యథాతథంగా తిరిగి పడాలి. డీన్ గారు మా ఇద్దరినీ విడివిడిగా పిలిచి వాంగ్మూలం తీసుకుని, సూర్యచంద్రం గారి చేత టైపు చేయించి, తలా ఒక కాపీ ఇచ్చారు.

ఆ రోజు బండి ముందు షామియానా వేశారు. ముందు వరసలో తనిఖీ బృందం, ప్రిన్సిపాల్ గారు, డీన్ గారు. మెమోకి బెదరలేదు గానీ, వచ్చినవాళ్ళు అతిథులన్న మొహమాటానికి పిన్ని పొయ్యి వెలిగించి ఒక్క వాయి వేసింది. మా ఇద్దరి మధ్య ఒక ప్లేటు. సూర్యచంద్రం గారు స్టాప్‌వాచ్ నొక్కారు.

ప్రిస్కిల్లా కాగితం చూసి చదివింది. "నన్నొక మాట అడగొచ్చు కదే?"

సార్లు టైపు చేయించిన కాగితంలోంచి చదువుతున్నా, అడగొచ్చు కదే అన్నచోట దాని గొంతు ఆ రోజులాగే వణికింది. నా కాగితంలో నా వంతు ఉంది. "దివిజ (నిర్లక్ష్యముగా): రాస్తే ఏమైందే?"

నేను చదవలేదు. చదవడానికి నోరు తెరిచాను. ఆ అక్షరాలు చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది.

"అడగాల్సిందే," అన్నాను. "నీ సంగతి రాసే హక్కు నాకు లేదు. మెప్పు కోసం రాశాను. అందరూ నిన్ను ఏడిపిస్తుంటే బోర్డు మీద నా పేరు చూసుకున్నాను. తప్పయిపోయిందే. నువ్వు పొద్దున్నే లేవడం మానేశావు, నాకు నిద్ర పట్టట్లేదు."

"కాగితంలో లేనిది మాట్లాడకూడదు," అని డీన్ గారు గొంతు తగ్గించి కేకేశారు.

ప్రిస్కిల్లా తన కాగితం మడిచి బండి మీద పెట్టింది. "అడిగుంటే ఇచ్చేదాన్ని కదే," అంది. "నా గురించి నేనే రాసిచ్చేదాన్ని. నీకన్నా బాగా రాసుండేదాన్ని." అని, కళ్ళు తుడుచుకుని, ప్లేటులోంచి ఒక పునుగు తీసి నోట్లో వేసుకుంది. అది ఇంకా పొగలు కక్కుతోంది. నోరు కాలి, మింగలేక, కక్కలేక, గెంతుతూ అది పడ్డ అవస్థకి నాకు ఏడుపులో నవ్వొచ్చింది. నా నవ్వు చూసి దానికీ వచ్చింది. పిన్ని చట్నీ గరిటెతో మా ప్లేటులో ఇంకో రెండు పునుగులు వేసింది. తూచలేదు.

సూర్యచంద్రం గారు నియమం ప్రకారం అడిగారు. "రీడింగమ్మా?"

"తొమ్మిదిన్నర," అన్నాను.

"నాదీ అంతే," అంది ప్రిస్కిల్లా నోరు ఊదుకుంటూ.

డీన్ గారు అక్కడికక్కడే లెక్కకట్టారు. "మూడు వందల డెబ్బై ఐదు శాతం ఎర్రర్! ఈ కళాశాల చరిత్రలో ఇంత దోషం ఎవరికీ రాలేదు. ఇద్దరికీ సంతకం లేదు. హాల్ టికెట్ లేదు."

తనిఖీ బృందం పునుగులు తినడంలో ఉండి ఏం జరిగిందో సరిగ్గా గమనించలేదు. వాళ్ళు "కార్యక్రమము ఆహ్లాదకరము" అని రాసి వెళ్ళారు.

మేం పారిపోలేదు. హాల్ టికెట్ కావాలి కదా. మళ్ళీ తగవు పడతాం, రెండు రోజులు గడువివ్వండి సార్ అని బతిమాలుకున్నాం. నిజంగానే ప్రయత్నించాం. బకెట్టు గురించి మొదలెట్టాం. మూడో మాటకే నవ్వొచ్చేసింది. చార్జరుతో ప్రయత్నించాం. చార్జరు ఇద్దరికీ కలిపి ఒకటే అని గుర్తొచ్చింది. మిగతా రెండు వందల ముప్పై ఎనిమిది మందికీ 2.0 వచ్చింది. వాళ్ళు చక్కగా హాస్టల్లో కూర్చుని 1.9, 2.1, 2.0 అని వేసుకున్నారు.

చివరికి సూర్యచంద్రం గారే దారి చూపించారు. మేం ఇద్దరం డీన్ గారి గది బయట నిలబడి ఉంటే లోపలికి వెళ్ళి ఆయనతో అన్నారు. "సార్, ప్రయోగం ఫెయిలైతే హాల్ టికెట్ ఆపాలి. ప్రయోగం జరుగుతూ ఉంటే ఆపడానికి రూలు లేదండి. ఈ ఇద్దరిదీ ఇంకా జరుగుతోందని రాస్తే పోలా? ఫెయిలని రాస్తే మన ల్యాబు ఫెయిలైనట్టుంటుందండి."

డీన్ గారి కళ్ళు మెరిశాయి. "దీర్ఘకాలిక పరిశోధన," అన్నారు మెల్లిగా, నోట్లో పునుగు ఉన్నవాడిలా.

ఉత్తర్వు వచ్చింది. "సదరు విద్యార్థినులిద్దరు దినమునకు ఒక పర్యాయము, సాయంత్రము నాలుగు గంటలకు, ప్రమాణీకరించబడిన బండి వద్ద ఒకే ప్లేటునందు పునుగులు భుజించి రీడింగు సమర్పించవలెను. దోషము ఐదు శాతములోపు వచ్చువరకు ప్రయోగము కొనసాగవలెను. పట్టా పొందులోగా కనీసము ఒక్కసారియైనా 2.0 రాని యెడల రెండు క్రెడిట్లు నిలిపివేయబడును, పట్టా ఇవ్వబడదు."

కాలేజీలో రోజూ కలిసి తిరగమని ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఆజ్ఞ ఉన్నది మా ఇద్దరికే. వర్షం పడ్డా వెళ్ళాలి, సెలవైనా వెళ్ళాలి. హాల్ టికెట్లు వచ్చాయి, పరీక్షలు రాశాం. తెల్లవారుజామున కుళాయి మళ్ళీ మోగుతోంది. ఇప్పుడు బాత్రూము తలుపవతల నుంచి ప్రశ్నలు నేనడుగుతున్నాను.

నాలుగో సంవత్సరంలోకి వచ్చాం. రీడింగు తొమ్మిదికి తగ్గడం లేదు. డీన్ గారు వారం వారం గ్రాఫు చూసి పెదవి విరుస్తున్నారు. మొన్నొక సాయంత్రం నాకు నిజంగానే భయం వేసింది.

"ఇలాగైతే మనకి పట్టా రాదే," అన్నాను. "రెండు ఎప్పటికొస్తుంది?"

ప్రిస్కిల్లా పునుగుని చట్నీలో ముంచి, ఆలోచించి, మామూలుగా చెప్పింది. "ఎందుకు రాదే? ఆఖరి పరీక్ష అయిపోయాక గది ఖాళీ చేసి, పెట్టెలు ఆటోలో పెట్టుకుని, ఇక్కడ దిగుదాం. మీ బస్సు అటు, మా బస్సు ఇటు. అప్పుడు తీద్దాం రీడింగు. తగువు కూడా అక్కర్లేదు."

నేను చేతిలో ఉన్న పునుగు ప్లేటులో పెట్టేశాను. అది కూడా తన పునుగు తినలేదు. హైవే వైపు చూస్తూ కూర్చున్నాం. సూర్యచంద్రం గారు వచ్చి రీడింగు అడిగితే, ఇద్దరం ఒకరినొకరు చూసుకోకుండా ఐదు అన్నాం.

"పర్లేదమ్మా," అన్నారాయన సంతోషంగా రాసుకుంటూ. "ఇన్నాళ్ళకి దారిలో పడ్డారు."